పొలం కాడికి పోయొస్త

ఆ రోజు పొద్దున ఏదులకుంట సర్పంచ్ జంగయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. చేవెళ్ల దవాఖానకు వెళ్లి షుగరు రిపోర్టు తీసుకోవాలి, తొమ్మిదింటికల్లా ఇంటికి వచ్చి భార్య పద్మమ్మ చేసిన జొన్నరొట్టె తినాలి. ఊరిని ఆదర్శ గ్రామం చేద్దామన్న ఆలోచన ఆ గంటకు ఆయనకు బొత్తిగా లేదు.

రిపోర్టులో మూడువందల పన్నెండు ఉంది. డాక్టర్ సమత ఆ కాగితాన్నీ, జంగయ్య పొట్టనూ మార్చి మార్చి చూసింది.

"సాయంత్రం పూట ఏం తింటున్నరు?"

"ఏం తింట మేడం, ఓ చాయ్."

"చాయ్‌తోని?"

జంగయ్య గోడమీది క్యాలెండరు వైపు చూశాడు. "ఎగ్ నూడుల్స్," అన్నాడు.

"రోజూనా?"

"ఐతారం రెండు ప్లేట్లు."

"మూడు నెలలు టైమిస్తున్న. అప్పటికి దిగకుంటే రోజూ ఇన్సులిన్ సూదే. మళ్ల నన్ను అనొద్దు."

సూది మాట వినగానే జంగయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు ఎన్నికల్లో పోటీచేసి ఎవరికీ జంకని మనిషే గాని, కరోనా టీకాలు వేయడానికి నర్సులు ఊళ్లోకి వచ్చిన రోజు పొద్దుగూకేదాకా మక్కచేనులో దాక్కున్నాడు. నూడుల్స్ మానేయాలని దారి పొడుగునా గట్టిగా అనుకున్నాడు. కాని తన సంగతి తనకు తెలుసు. పంచాయతీ ఆఫీసు ఎదురుగా కుర్మయ్య నూడుల్స్ బండి ఉంది. సాయంత్రం ఐదింటికి ఆ పెనం మీద గరిటె చప్పుడు మొదలైతే జంగయ్య కాళ్లు ఆయన మాట వినవు. తాను మానడం కంటే ఊరి చేత మాన్పించడమే సులువని ఆయనకు తోచింది. పదవిలో ఉన్నవాళ్లకు ఇలాంటివి చప్పున తోస్తాయి.

నాలుగో రోజు గ్రామసభ పెట్టాడు.

"మన ఊరు ఆదర్శ గ్రామం కావాలె," అన్నాడు మైకులో. "గుట్కా ఉండొద్దు, కొట్లాట ఉండొద్దు, ఫాస్ట్‌ఫుడ్ అసలే ఉండొద్దు. మన తాతలు జొన్నరొట్టె తిని నూరేండ్లు బతికిన్రు."

ఆయన సొంత తాత యాభై రెండేళ్లకే పోయాడు. ఆ సంగతి తెలిసిన ముసలివాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. తీర్మానానికి చేతులెత్తిన ప్రతివాడూ పక్కవాడి ఆరోగ్యం గురించే ఆలోచించాడు గనుక అది ఏకగ్రీవంగా నెగ్గింది. మర్నాడు డప్పు కొట్టించి చాటింపు వేయించారు. బైకు మీద పోయి బయట తినిరాకుండా మెయిన్ రోడ్డు మొదట్లో కుర్చీ వేసి, వార్డు మెంబర్ మారయ్యను కాపలా కూర్చోబెట్టారు.

కుర్మయ్య మాత్రం గొడవ పెట్టుకోలేదు. "నీ హుకుం శివారు రాయి దాకనే గదన్నా," అని, బండిని తోసుకుంటూ వెనకవైపు బండ్లబాట వెంట రెండు కిలోమీటర్లు పోయి, రాయికి అవతల పక్క ఊరు కనకమామిడి వైపున నిలిపాడు. పక్కనే ఒక ఫాంహౌజు గోడ, గోడ వెంట నీడ ఉన్నాయి.

మూడు రోజులు జంగయ్య ఓర్చుకున్నాడు. బండ్లబాట గుంతల్లో బైకు పోదు గనుక, నాలుగో రోజు నాలుగున్నరకు చెప్పులు వేసుకున్నాడు.

"యాడికి?" అంది పద్మమ్మ.

ఆ పూట అబద్ధం వెతుక్కునే ఓపిక ఆయనకు లేదు. ముప్పై ఏళ్లు రోజూ చెప్పిన మాటే నోటికొచ్చింది. "పొలం కాడికి పోయొస్త."

పద్మమ్మ చేతిలోని చాట కింద పెట్టింది. పొలం అనేది వాళ్లకు లేదు. ఉన్న రెండెకరాలూ ఆరేళ్ల కిందట పట్నం ఆసామికి అమ్మేశారు. ఇప్పుడక్కడ ఎత్తైన గోడ, దానికొక గేటు, గేటు వెనక కుక్క ఉన్నాయి. అమ్మిన రోజు కళ్లు కూడా తడవని మనిషి ఇన్నాళ్లకు ఆ మన్ను కోసం బయల్దేరాడని ఆమె అనుకుంది. లోపలికి వెళ్లి, కొంగు నోట్లో పెట్టుకొని ఏడ్చింది.

బండ్లబాటలో సగం దూరం పోయాక జంగయ్యకు మారయ్య ఎదురుపడ్డాడు.

"కుర్చీ ఇడిసిపెట్టి యాడికి పోతున్నవ్?"

"కుర్చీల తువ్వాల ఏసొచ్చిన అన్నా. జర పొలం కాడికి. మరి నువ్వు?"

"నేను గూడ పొలం కాడికే."

ఇద్దరికీ కలిపి సెంటు భూమి లేదు. ఆ మాట ఇద్దరూ ఎత్తకుండా పక్కపక్కనే నడిచారు. శివారు రాయి దగ్గర ఊళ్లో సగం మంది మగవాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరికి వారు గోడవైపు తిరిగి తింటున్నారు గనుక ఎవరూ ఎవరినీ చూడనట్టే లెక్క. అంత జనానికి గుడ్లు చాలక కుర్మయ్య మనిషికి హాఫ్ ప్లేటే వేస్తున్నాడు.

అలా రోజూ సాగింది. ఇంట్లో పద్మమ్మ భర్తను పల్లెత్తు మాట అనడం మానేసింది. ఒకనాడు మహిళా సంఘం మీటింగులో మనసు ఆగక పక్కింటి బాలనర్సమ్మతో చెప్పుకుంది.

"మా ఆయన దినాం పొలం కాడికి పోయి ఆ గోడను చూసి వస్తున్నడక్కా."

"అయ్యో, మా ఆయన గూడ గంతేనే! వచ్చినంక బువ్వ గూడ సక్కగ తింటలేడు. మనసుల గంత రంధి పెట్టుకున్నడు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా తమ ఇళ్లలోనూ అదే సంగతి అన్నారు. ఆ రోజు లోన్ల మాట పక్కకు పోయింది. అందరూ కలిసి, అమ్ముకున్న భూముల కోసం కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

మూడు నెలలకు డాక్టర్ సమత ఊళ్లోనే క్యాంపు పెట్టింది. జంగయ్య వేలు చాపి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నూట ముప్పై ఎనిమిది! నమ్మకం లేక ఆమె మళ్లీ చూసింది. వెనక ఉన్న మారయ్యకూ దిగింది, ఆ వెనక వాళ్లకూ దిగింది. రోజూ నాలుగు కిలోమీటర్ల నడక, అర ప్లేటు తిండి పని చేశాయని అక్కడ ఎవరికీ తెలియదు. సూది తప్పినందుకు జంగయ్యకు గంతులేయాలనిపించింది.

"ఏం చేసిన్రు మీరంతా?" అంది సమత.

మగవాళ్లంతా నేల చూపులు చూశారు. పద్మమ్మ ముందుకొచ్చింది. "భూమి అమ్ముకున్న రంధి డాక్టరమ్మా. దినాం నడుసుకుంట పోయి, పొలాలు చూసి వస్తున్నరు."

సమత కళ్లు చెమర్చాయి. ఆమె రాసిన రిపోర్టు పైవాళ్లకు పోయింది. నెల తిరక్కుండా ఏదులకుంటకు ఆదర్శ ఆరోగ్య గ్రామం బోర్డు వచ్చింది. బోర్డు వెంట షామియానా, షామియానా వెంట పెద్ద ఆఫీసరు వచ్చారు. శాలువా కప్పి, "సర్పంచ్ గారూ, మీ ఊరికి ఏం కావాలె?" అని ఆయన ప్రేమగా అడిగాడు.

ఆ ప్రశ్న ఏ ఆఫీసరు ఎప్పుడు అడిగినా సర్పంచ్ అన్నవాడి నోట వచ్చే జవాబు ఒకటే. జంగయ్య ఆలోచించనే లేదు. "సీసీ రోడ్డు సార్!"

"తప్పకుండా. మీరంతా రోజూ నడిచే ఆ బాటకే వేయిస్త."

జంగయ్య చప్పట్లు కొట్టాక గాని దాని అర్థం బుర్రకెక్కలేదు. రెండు నెలల్లో బండ్లబాట అద్దంలా తయారైంది. రిబ్బన్ కత్తిరించిన సాయంత్రం ఆయన బైకు తీయబోతుంటే, పద్మమ్మ కొత్త చీరతో వచ్చి వెనక కూర్చుంది.

"నన్ను గూడ తోల్కపో. నాకు గూడ మన పొలం చూడాలని ఉన్నది."

వెనక్కి చూస్తే ఇరవై బైకులు, ప్రతిదాని మీదా వెనక ఒక ఇల్లాలు. మారయ్య ముఖంలో నెత్తుటి చుక్క లేదు. రోడ్డు శివారు రాయి దగ్గర ఆగిపోయింది. అక్కడ కుర్మయ్య గరిటె పైకెత్తి పలకరించాడు.

"రా అన్నా! ఇయ్యాల రోడ్డు సంబురం, అందరికి ఫుల్ ప్లేట్. రోజు లెక్క గోడ దిక్కు తిరిగి తినుడు అక్కర్లే, కుర్చీలు తెచ్చిన."

పద్మమ్మ బండిని చూసింది, గోడను చూసింది, చివరికి భర్తను చూసింది.

"గిదానయ్యా నీ పొలం?"

జంగయ్య అలవాటుగా గోడవైపు తిరిగాడు.

"ఆర్నెల్లు ఏడ్సిన నేను. దేవునికి మొక్కుకున్న." ఆమె కుర్చీ లాక్కొని కూర్చుంది. "కుర్మయ్యా, నాకో ప్లేట్ ఎయ్యి. గింత మందిని తిప్పుకున్న పంట రుచి ఎట్లుంటదో చూస్త."

రుచి బాగానే ఉంది. ఆ మర్నాటి నుంచి ఏదులకుంటలో నడిచేవాళ్లు లేరు, దాచుకునేవాళ్లూ లేరు. మొగుడూ పెళ్లాలు ఐదు నిమిషాల్లో బైకు మీద పోయి, చెరో ఫుల్ ప్లేటు తిని వస్తున్నారు. కుర్మయ్య ఇంకో పెనం కొన్నాడు.

తర్వాతి క్యాంపులో జంగయ్యకు మూడువందల నలభై వచ్చింది. డాక్టర్ సమత సిరంజి తీస్తుంటే ఆయన ముఖం పక్కకు తిప్పుకొని, ఏడుపు గొంతుతో అడిగాడు.

"డాక్టరమ్మా, ఆ రోడ్డు తవ్వి తీసేసే స్కీము ఏదన్న ఉన్నదా?"

అలాంటి స్కీము లేదు. సూదికి మాత్రం ఉంది, పూర్తిగా ఉచితం.