నాలుగు కుర్చీల ఫోటో

ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే, ఇంటిల్లిపాదీ ఫోటో తీయించుకోవాలని జయరామప్ప నిశ్చయించుకున్నాడు. స్వరాజ్యం వచ్చిన ఆ ఏడాది కంటోన్మెంటు దండులోని తెల్లదొరలు సామాన్లు అమ్ముకుని తమ ఇంగ్లండు సీమకు పోతుంటే, ఈ చిక్కపేట పట్టు వ్యాపారి నాలుగు పాత కుర్చీలు కొన్నాడు. ఒకదాని వీపున ద్రాక్షతీగ చెక్కడం, ఒకదాని చేతుల చివర సింహం మొహాలు, ఒకదానికి గుండ్రటి పేము అల్లిక, ఇంకొకదానికి నెమలి పింఛం. ఏ రెంటికీ పోలిక లేదు. "పొయ్యిలోకి బాగా పనికొస్తాయి" అని బావ ఆదినారాయణప్ప వెక్కిరించినప్పటి నుంచి జయరామప్పకు నిద్ర లేదు. ఆ బావనే వాటిలో కూర్చోబెట్టి, ఫోటో గోడకెక్కించి, నోరు మూయించాలి. అదీ పంతం.

ఫోటో తీసే శ్రీనివాసులు పిల్లల కోసం పెరట్లో జంబుఖానా పరిచి, వెనక కుర్చీలు వేయించాడు. "కెమెరాలో ఉండేది ఒకే ప్లేటప్పా, కదలొద్దండి" అన్నాడు.

మేనమామ ఆవులప్ప సింహాల కుర్చీలో సర్దుకున్నాడు. బావ నెమలి కుర్చీ ఎక్కాడు. తల్లి పిల్లమ్మ మాత్రం పేము కుర్చీ దాకా వచ్చి ఆగింది.

"మా అన్న ముందర నేను కుర్చీలో కూర్చునేదా? ఎన్నడన్నా కూర్చున్నానా?" అంటూ పిల్లల పక్కన చతికిలబడింది.

"సుమ్మనే, ఊరికే ఒక్క నిమిషమమ్మా, ఫోటోకే కదా!" అన్నాడు జయరామప్ప.

"ఫోటో నూరేండ్లు ఉంటాది కదప్పా."

కన్నతల్లి కింద ఉంటే కొడుకు పైన కూర్చోవడమా? జయరామప్ప ద్రాక్షతీగను ఆశగా ఒకసారి నిమిరి, జంబుఖానా మీదికి వచ్చాడు. అది చూసి బావ లేచాడు.

"అత్త కిందుండాది. నేను పైన కూర్చుంటే మీ అక్క నన్ను ఇంట్లోకి రానిస్తాదా?"

ఇక మిగిలింది ఆవులప్ప ఒక్కడే. ముసలాయన అటూ ఇటూ చూశాడు.

"నన్నొక్కణ్ణే కుర్చీలో పెట్టి తీస్తే, దండ వేసేదొకటే తక్కువ. చెయ్యియ్యప్పా, నేనూ దిగుతా!"

మబ్బు కమ్ముకొస్తోంది. కుర్చీలు పక్కకు తీసే వ్యవధి లేదు. శ్రీనివాసులు నల్లగుడ్డలో తల దూర్చి తీసేశాడు. జయరామప్పకు ఏడుపొచ్చినంత పనైంది.

వారం తర్వాత ఫోటో వచ్చింది. చూడగానే అతని మొహం విప్పారింది. మనుషులు కూర్చుని ఉంటే వాళ్ల వీపుల వెనక దాగిపోయేవన్నీ, ద్రాక్షగుత్తులు, నెమలి పింఛం, పేము అల్లికలో ఒక్కొక్క కన్నూ, కొట్టొచ్చినట్టు పడ్డాయి. బావ ఫోటోను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇంత పనితనం ఉండాదా వీటిల్లో! ఆ నెమలిది నాకిస్తావా, జయరామా?"

ఇవ్వలేదు గానీ, జయరామప్పకు కడుపు నిండిపోయింది. ఫోటో నడవలో గోడకెక్కింది.

ఇంటికొచ్చినవాళ్లంతా ఇప్పటికీ దాంట్లోని ఖాళీ కుర్చీలు చూసి ఒకటే అడుగుతారు, "పెద్దవాళ్లు రాకముందే తీసేసినారా?" అని.