తొమ్మిది పత్రికలు తాగిన నీళ్లు

మా యిచాంగ్ నగరంలో అందరూ నమ్మే మాట ఒకటుంది. పోయిన నెల ఒక హోటల్ హాలులో, విలేకరులందరి కళ్లెదుట, ఒక కొత్త యంత్రం యాంగ్జీ నది బురదనీటిని తేటనీరుగా మార్చిందట. వారు అక్కడికక్కడే తాగి చప్పట్లు కొట్టారట!

నమ్మరా? తొమ్మిది పత్రికలు రాశాయండీ!

నేను భౌతికశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి. ఒక ఫలితాన్ని ఎవరికి వారు విడిగా రాబట్టగలిగితేనే అది సత్యమని జీవితమంతా చెప్పాను. నా ప్రయోగశాలలో ఏ ఇద్దరు విద్యార్థులకూ ఒకే జవాబు వచ్చిన పాపాన పోలేదు. ఇక్కడో? తొమ్మిదింటిలోనూ నీరు “మంచుకొండ కన్నీరంత స్వచ్ఛం”! సింకు కింద పట్టే యంత్రం బరువు మూడు వందల కిలోలన్న పొరపాటు సైతం తొమ్మిదింటిలోనూ పొల్లుపోలేదు. ప్రకృతికైనా ఇంత క్రమశిక్షణ ఉందా?

ఈ భాగ్యం కంపెనీల చలవే. గుమ్మంలోనే విలేకరి చేతికి ఒక సంచి అందుతుంది. అందులో రాసి సిద్ధం చేసిన వార్త, ఫొటోలు, “దారి ఖర్చుల” కవరు. ఎదురు వీధి నుంచి నడిచి వచ్చినవారికీ దారి ఖర్చులే. చెప్పులు అరగవా మరి? ఇక విలేకరి పరుగులు తీయాలా, ప్రశ్నలడగాలా? తన పేరు చేర్చి, భోజనానికి కూర్చుంటే చాలు. పత్రికారంగాన్ని పీడించిన అసలు రోగం, కళ్లతో చూడవలసిన అగత్యం, ఇన్నాళ్లకు నయమైంది!

ఆ మిషను కొన్న పై అంతస్తు పాంగ్ వదిన ఆనందానికైతే హద్దులేదు.

“మాస్టారూ, ఇక నీళ్లు కాచే పీడ వదిలింది! మనవరాలికి పాలపొడి ఈ మిషను నీళ్లలోనే కలిపేస్తా.”

“నెలల పిల్ల కదమ్మా. కొన్నాళ్లు కాచే పట్టండి.”

“తొమ్మిది పేపర్ల కన్నా మీకే ఎక్కువ తెలుసా? అనుమానం మీకు పుట్టుకతో వచ్చిన జబ్బు!”

ఆ తొమ్మిదింటిలో ఒక పత్రిక విలేకరి చియావ్, నా పాత విద్యార్థి. అతణ్ణి టీకి పిలిచాను. వదిననూ పిలిచాను.

“నీళ్లు ఎలా ఉన్నాయోయ్?”

“చేపల కూర అద్భుతం, మాస్టారూ!”

“నేనడిగింది నీళ్ల సంగతి.”

“నీళ్లెవరిచ్చారు? టీ పోశారు.”

వదిన కప్పు కింద పెట్టింది. “మరి తాగి చప్పట్లు కొట్టామని రాశావు కదయ్యా?”

“అది ముందురోజే రాసిచ్చారు పిన్నీ. జరిగినదాన్ని బట్టి మార్చుకుంటూ పోతే మిగతా ఎనిమిది పేపర్లతో తేడా వచ్చేయదూ?”

“అదంతా నాకెందుకు? మిషను నడిచిందా, లేదా?”

చియావ్ జవాబు చెప్పాడు. వదిన మెట్లెక్కింది. కాసేపటికి పైనుంచి కెటిల్ కూత వినిపించింది.

అతను చెప్పింది ఇంతే: ఆ రోజు కార్యక్రమం ముగిసేదాకా హాలులో కరెంటు లేదు.