ఆరు వోల్టుల బిడ్డ, పన్నెండు వోల్టుల తండ్రి

పిల్లల బ్యాటరీ కారును కంపెనీవాడు ఇచ్చిన స్పీడుతోనే నడవనిచ్చే తండ్రి, తండ్రే కాదు! ఈ మాట కోపంతో అనడం లేదు. బాగా ఆలోచించి, రెండు టీలు తాగి, పూర్తి బాధ్యతతో అంటున్నాను.

మీకు తెలియనిదేముంది? ఈ మధ్య ఎవరింట్లో పుట్టినరోజైనా, పిల్లలు కూర్చుని నడిపే ఎర్ర కారో నల్ల జీపో వాకిట్లో దిగాల్సిందే. మా వందనకు ఐదో ఏడు రాగానే మేమూ ఒక ఎర్ర కారు కొన్నాం. మా అమ్మ చంద్రవ్వ దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. వందన ధైర్యంగా పెడల్ నొక్కింది. కారు గుర్రుమంది, మూలిగింది, నిమ్మకాయ ఎక్కలేక అక్కడే ఆగిపోయింది! చివరికి నిమ్మకాయల్నే పక్కకు తీసి బండికి దారి ఇచ్చాం. ఇలాంటి అవమానం మా వంశంలో ఏ వాహనానికీ జరగలేదు.

పోనీ, ఆరు వోల్టుల బ్యాటరీ, అంతకంటే ఏం చేస్తుంది పాపం అని సరిపెట్టుకునేవాణ్ణే. కానీ ఎదురింట్లో మల్లేశ్వర్ ఉన్నాడు చూశారూ! బండల పాలిషింగ్ యూనిట్ ఆయనది. ఆయన కొడుకు జీపు మా కారును మా గేటు ముందే ఓవర్‌టేక్ చేసింది. వందన వాడికి టాటా చెప్పి నవ్వింది. పిల్లలకు పరువంటే ఏం తెలుసు? మోయాల్సింది మనమే కదా!

అసలు ఇబ్బంది ఇంకొకటుంది. రోజూ సాయంత్రం ఆ కారులో వీధి చివరి పాల దుకాణం దాకా పోయి రావడం వందనకు ప్రాణం. రిమోట్ పట్టుకుని నేను పక్కనే నడవాలి. నేను లేకపోతే బండి తీయదు. దారి పొడవునా కబుర్లే! చీమలకు చెవులుంటాయా? టీచర్‌ను కూడా వాళ్లమ్మ కొడుతుందా? చంద్రుడు మన వెంటే ఎందుకొస్తాడు? ఆ నత్తనడకలో ఇన్ని ప్రశ్నలకు జవాబు చెప్పడం ఏ ఉద్యోగస్తుడికైనా సాధ్యమా? అవతల జేబులో ఫోన్ కొట్టుకుంటూనే ఉంటుంది.

అందుకే ఒక ఆదివారం కారును స్కూటర్ ముందు పెట్టుకుని, వందనను వెనక కూర్చోబెట్టుకుని జంగప్ప దుకాణానికి వెళ్లాను. తాండూరు చుట్టుపక్కల కంది రైతులందరికీ జంగప్ప తెలుసు. మందు కొట్టే బ్యాటరీ పంపులు రిపేరు చేస్తాడు. కారును తిరగేసి చూసి నవ్వాడు.

"గింతేనా సారూ? పంపు బ్యాటరీ ఏస్త. పొద్దంత కంది చేనుకు మందు గొట్టే బ్యాటరీ, గీ చిన్న బండిని గుంజదా?"

పన్నెండు వోల్టులు పెట్టాడు. మన నున్నటి బండల మీద చక్రాలు జారకుండా పాత స్కూటర్ టైరు కోసి తొడిగాడు. ఒక్కటే చిన్న చిక్కు వచ్చింది. కొత్త కరెంటుకు రిమోట్ బోర్డు కాలిపోయింది. దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపేశాడు. బండి నడిపేది పిల్ల అయినప్పుడు ఆపే రిమోట్ తండ్రికెందుకు చెప్పండి?

ఇక చూస్కోండి, మా ఇంట్లో అభివృద్ధే అభివృద్ధి! అమ్మ మళ్లీ నిమ్మకాయలు పెట్టింది. రెండు చితికిపోయాయి, ఒకటి ఎగిరి మల్లేశ్వర్ కాంపౌండులో పడింది, నాలుగోది ఇప్పటికీ దొరకలేదు. జీపు ఎక్కడో వెనకబడింది. నాకు జిమ్ ఖర్చు తప్పింది, కారు వెనక పరుగే పరుగు! మా ఆవిడ నిరోషా గుమ్మంలో నిలబడి, "పెండ్లయినంక మీరు ఉరుకంగ జూసుడు గిదే మొదలు" అని మురిసిపోయింది. బండల లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి, స్పీడ్ బ్రేకర్ వేయండి మహాప్రభో అని మా వీధివాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఎవరైనా విన్నారా? మా కారు వచ్చిన వారానికే వీధిలో అందరూ కలిసి విరిగిన బండముక్కలతో సొంతంగా వేసేసుకున్నారు. ప్రజాచైతన్యం అంటే ఇది కాదా!

వికారాబాద్‌లో ఉండే మా బావమరిది సుధాకర్ వాట్సాప్‌లో వీడియో చూసి ఆగలేకపోయాడు. కొడుకు బొమ్మ బుల్లెట్‌ను రైల్లో ఎక్కించుకుని తాండూరులో దిగాడు. "బావా, పన్నెండేంది, ఇరవై నాలుగు పెట్టిద్దాం" అంటాడు. దేశం ముందుకు పోతోందంటే ఇలాంటి వాళ్ల వల్లే.

ఆ మర్నాడే మా వీధిలో ఉండే రైతు మొగులమ్మ మలుపు దగ్గర కందులు ఆరబోసింది. మా కారు నేరుగా అందులోకి దూసుకెళ్లింది. వెనక నేను పరుగెత్తుతూ, పనిచేయని రిమోట్‌ను బొటనవేలు నొప్పి పుట్టేలా నొక్కుతూనే ఉన్నాను. కందులు వానలా ఎగిరాయి. దేవుడి దయ, ఆ రాశిలోనే కూరుకుపోయి కారు ఆగింది. ఇంత మెత్తని బ్రేకు ఏ కంపెనీ ఇస్తుంది?

మొగులమ్మ ముందు పిల్లను ఎత్తుకుని దులిపింది. ఒక్క గీత కూడా పడలేదు. తర్వాత నా వైపు తిరిగింది.

"లారీలు తొక్కుతయని పెద్ద రోడ్డు ఇడిశి, బ్రేకరేసినంక లారీలు రాని గీ గల్లీల ఆరవోస్తి. గిది యాడికెల్లి తెస్తివి సారూ నీ లారీ?"

కందులు ఏరి ఇస్తూ కూర్చున్నాను. ఏం చేస్తాం, సంస్కర్తలకు ఇవి మామూలే.

మర్నాడు సాయంత్రం వందన కారెక్కలేదు. భయపడిందేమో అనుకున్నాను. ధైర్యం చెప్పబోయాను.

"భయం గాదు డాడీ. నేను ముచ్చట జెప్తాంటె నువ్వు యాడనో ఎన్క ఉంటున్నవ్. ఎవరికి జెప్పాలె?"

సిగ్గేసింది. కారు పట్టుకుని మళ్లీ జంగప్ప దగ్గరకు పోయాను. స్పీడు తగ్గించమన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"పెంచుమనేటోళ్లే వస్తరు సారూ. తగ్గియ్యమన్నోణ్ని నిన్నే జూస్తున్న. పాత బ్యాటరీ పాతసామానోడు కొనుక్కపాయె. చక్రాలు అల్కగ తిరిగేటట్టు గేర్లు ఇప్పి ఇస్త, తాడు గట్టి గుంజుకపో."

నేను సిద్ధాంతం మార్చుకున్నాననుకునేరు. ఎంతమాత్రం లేదు! స్పీడు పెంచండి, తప్పకుండా పెంచండి. ఒక తాడు కూడా కొని ఉంచుకోండి.

నిన్న సాయంత్రం తాడు నడుముకు చుట్టుకుని కారు లాగుతూ పాల దుకాణానికి బయలుదేరాను. మల్లేశ్వర్ గేటు పట్టుకుని నవ్వుతున్నాడు, నవ్వనీయండి. వందన వెనక నుంచి ఏదో చెబుతోంది. నేను ఊఁ కొడుతూ గబగబా అడుగులేస్తున్నాను. తాడు ఒక్కసారిగా బిగిసింది. తిరిగి చూస్తే పిల్ల రెండు కాళ్లూ బయటికి వేసి నేలకు తన్ని బండిని ఆపేసింది.

"డాడీ, నీకు గూడ జంగప్ప పంపు బ్యాటరీ పెట్టిండా? జర మెల్లగ నడువు!"