ప్రొద్దుటూరు మీదుగా గురుగ్రహం

సౌరకుటుంబంలో ఇకమీదట శనిగ్రహం ఉండబోదనీ, మిగిలిన గ్రహాలన్నీ ప్రదక్షిణంగానే తిరగాలనీ, గురుగ్రహం మాత్రం ప్రొద్దుటూరు దగ్గర కొంచెం వంపు తీసుకుని పోవాలనీ మొయినాబాద్‌లో ఏకగ్రీవంగా నిర్ణయం జరిగింది. ఖగోళ శాస్త్రజ్ఞులకు ఈ సంగతి ఇంకా తెలియదు. తెలిస్తే సంతోషిస్తారు. ఇన్నాళ్ళూ వాళ్ళు దుర్భిణులు పట్టుకుని కళ్ళు కాయలు కాసేలా ఆకాశంలోకి చూశారే తప్ప, ప్రజాభిప్రాయం సేకరించాలన్న ఇంగితం వాళ్ళకెన్నడూ కలగలేదు.

ఈ మహత్కార్యానికి మూలపురుషుడు సాయిచంద్. మొయినాబాద్‌లో కాపురముండే సింధుజకు తమ్ముడు. ఇంజనీరింగు పూర్తిచేసి, ఉద్యోగం వచ్చేదాకా ఊరికే ఉండలేక, అక్క ఇంట్లో కూర్చుని ఫోనులో ఆడుకునే చిన్న ఆట ఒకటి తయారుచేశాడు. నడుమ సూర్యుడు, పక్కన గ్రహాలు. గ్రహాన్ని వేలితో నెట్టాలి. మెల్లగా నెడితే పోయి సూర్యుడిలో పడి మాడిపోతుంది. గట్టిగా నెడితే తెర దాటి ఎటో ఎగిరిపోతుంది. సరిగ్గా నెడితే వెనకాల గీత గీసుకుంటూ గుండ్రంగా తిరుగుతుంది. ఒకదాన్నొకటి గుద్దుకోకుండా అన్నిటినీ తిప్పగలిగితే గెలిచినట్టు. అంతే. ఇందులో తుపాకులు లేవు, బంగారు నాణేలు లేవు, ఎవరి ఫోటోలూ లేవు. అంటే లోపాలన్నీ మొదటినుంచే ఉన్నాయన్నమాట.

సింధుజకు ఈ ఆటతో పని పడింది. ఆమె కూతురు అఖిలకు ఆరో ఏడు. చేవెళ్ళలో అది చదివే బడికి ప్రిన్సిపాలు అరుణశ్రీ మేడం. పిల్లకు ఏకాగ్రత లేదనీ, ఒకటో తరగతికి పంపలేమనీ, ఇంకో ఏడాది యూకేజీలోనే ఉంచుతామనీ ఆమె కబురు చేసింది. పదో తరగతి పరీక్షలు రాయకముందే పెళ్ళిపీటల మీద కూర్చున్న సింధుజకు ఆ కబురుతో గుండెలో రాయి పడ్డట్టయింది. తన చదువు ఆగిన చోట కనీసం పది అనే అంకె ఉంది. పిల్లది ఒకటి కూడా రాకముందే ఆగేట్టుంది.

అదే అఖిల, మామ చేసిన ఆట చేతికొస్తే బువ్వ మాట మరిచిపోయేది. నాలుక కొస బయటపెట్టి, ఒక కన్ను మూసి, గ్రహాన్ని వేలితో ఇట్టే తోసేది. పెద్దవాళ్ళు ఒక్కదాన్ని నిలబెట్టలేక ఫోనును తిట్టుకుంటుంటే, ఇది అన్నిటినీ తిప్పేసి ఇంకేమైనా మిగిలాయా అని వెతికేది. సింధుజ పిల్లనూ ఫోనునూ వెంటేసుకుని ఆగమేఘాల మీద చేవెళ్ళ బస్సెక్కింది.

అరుణశ్రీ మేడం అంతా ఓపికగా చూసింది.

"బాగనే తిప్పుతున్నది. కని దీంట్ల పర్సెంటేజీ ఏది?"

"పర్సెంటేజీ ఉండదు మేడం. మంచిగ తోస్తే తిరుగుతయ్."

"తిరిగినట్టు ప్రూఫేంది సింధుజా? రేపు మేనేజ్‌మెంటోళ్ళు అడిగితే, బంతులు తిరిగినయ్ సార్ అని చెప్పాల్నా? సర్టిఫికెట్ వచ్చేటట్టు చెయ్యమను మీ తమ్మున్ని. నలుగురు ఆడి మంచిగున్నదనాలె, స్టార్లు రావాలె. అడ్మిషన్లు బందయ్యేలోపు తీస్కరా, చూద్దాం."

నలుగురు మంచిదనాలంటే నలుగురిని అడగాలి. సాయిచంద్ ఆటను ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, 'మీ అభిప్రాయమే నాకు శిరోధార్యం' అని రాశాడు. అట్లా అందరూ రాస్తారు. రాసి, నమ్మింది ఇతనొక్కడే. ఆట పేరు 'కక్ష్య'. గ్రహం తిరిగే దారికి పుస్తకాల్లో ఉండే మాట అది. హడావుడిలో అతని వేలు య వత్తును వదిలేసింది. దాంతో గ్రూపులో పడిన ప్రకటన ఇది: 'నా కక్ష. అందరూ చూడగలరు.'

తొలి అభిప్రాయం ఇంట్లోనే వెలువడింది. సింధుజ అత్త శంకరమ్మ శనివారం తప్పకుండా చిల్కూరు గుడికి పోయి ప్రదక్షిణలు చేసివచ్చే మనిషి. తిరగడం గురించి ఆమెకు తెలియనిది లేదు.

"ఏంది సాయీ, ఇవి ఉల్టా తిరుగుతున్నయ్? దేవుని సుట్టు ఎడమదిక్కుకెల్లి తిరుగుతరా ఎవలన్న?"

"పైన నిజంగనే గట్ల తిరుగుతయ్ అత్తమ్మా."

"గట్ల తిరగవట్టే లోకం గిట్లున్నది."

ఈ వాదానికి భౌతికశాస్త్రంలో జవాబు లేదు. సాయిచంద్ గ్రహాలన్నిటినీ వెనక్కి మళ్ళించాడు. ఆ వెంటనే ఆమె, పసిపిల్ల వేలితో శనిని ముట్టుడేమిటని రెండో సవరణ ప్రతిపాదించింది. దీనికి సింధుజ లోలోపల ప్రాణం పెట్టి మద్దతిచ్చింది. పిల్ల శనిని తిప్పినప్పుడల్లా ఆమె దిష్టి తీసి పొయ్యిలో ఉప్పు వేస్తూనే ఉంది. తమ్ముడి చదువు మీద గౌరవం కొద్దీ ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. "తీసెయ్ రా, ఎందుకచ్చిన ఫికర్," అంది. శని పోయింది. దాని చుట్టూ ఉన్న వలయం వృథా కాకుండా గురుగ్రహానికి తొడిగారు. గురువు కనుక సన్మానం చేసినట్టుంటుంది.

మరునాటి నుంచి అసలు అభిప్రాయాలు మొదలయ్యాయి. ఈ చుట్టుపక్కల కొత్త రింగు రోడ్డు పడుతుందన్న మాట అప్పటికే గాలిలో ఉంది. ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు, తమ పొలంలోనే పడుతుందని అందరికీ తెలుసు. ఇట్లాంటి సమయంలో ఫోను తెర మీద ఒకదాని చుట్టూ ఒకటిగా గుండ్రటి గీతలు, పైన 'నా కక్ష' అన్న శీర్షిక కనబడితే జనం ఏమనుకోవాలి? గ్రహాలనుకునేంత అమాయకులు మన దగ్గర లేరు. నడుమ ఉన్నది మొయినాబాద్ అని తేలిపోయింది. నీలం చుక్క గండిపేట చెరువని పెద్దమనుషులు ధ్రువీకరించారు. ఎర్రది చేవెళ్ళ. నాలుగో గీత ఎవరి సర్వే నంబరు మీదుగా పోతున్నదో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళు జన్వాడలో తయారయ్యారు. రోడ్డు పటంలో చుక్కలు కదులుతున్నాయేమిటని ఒకరిద్దరు అడగకపోలేదు. ఆఫీసర్లు పటాన్ని పూటకోసారి మారుస్తారు కదా అని మిగిలినవాళ్ళు నచ్చజెప్పారు.

పక్కనే ఉన్న ప్రొద్దుటూరు అనే పల్లె నుంచి హన్మయ్య అనే రైతు సంచి నిండా వంకాయలు పట్టుకుని, తోటి రైతులను వెంటబెట్టుకుని వచ్చాడు. సింధుజ చాయ్ పెట్టింది.

"తమ్మీ, మా బాయికాడికి వచ్చేసరికి గీతను జర పక్కకు గుంజు."

"అది రోడ్డు గాదు బాపు. గురుగ్రహం."

"ఏదైతేంది? గురుగ్రహమైనా బాయి పూడుస్తది గద."

"భూమ్మీద ఉండదు బాపు, అది మీదికెల్లి పోతది."

హన్మయ్య వెనక్కి తిరిగి తనవాళ్ళతో, "ఫ్లైఓవరంటరా," అన్నాడు. వాళ్ళ ముఖాలు పాలిపోయాయి. "గట్లయితే కింద మనకు పరిహారం గూడ రాదు," అన్నాడు వాళ్ళలో ఒకాయన.

చాయ్ చల్లారిపోయింది. ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగేసరికి సాయిచంద్ చూడలేక గురుగ్రహాన్ని వంచాడు. హన్మయ్య వంకాయలు అక్కడే పెట్టి, ఐదు స్టార్లు ఇచ్చి వెళ్ళాడు. ఒకరికి వంచాక ఇంకొకరికి వంచకపోతే అన్యాయం కదా. సాయంత్రానికల్లా గ్రహాల దారులన్నీ పొలంగట్ల మీద పోయే పిల్లబాటల్లా తయారయ్యాయి.

ఆఖరున మాజీ సర్పంచి జైపాల్ కారు వచ్చి ఆగింది.

"ఎవనికిరా నా మీద కక్ష?"

అది కక్ష కాదనీ, కక్ష్య అనీ, కింద ఒక వత్తు పడలేదనీ సాయిచంద్ విన్నవించుకున్నాడు.

"ఒక్క వత్తు కోసం నా మామిడితోట మొత్తం తొక్కిపిస్తవా?"

సింధుజ లోపలినుంచి వచ్చి, పిల్ల బడి సంగతీ, సర్టిఫికెట్ సంగతీ చెప్పి, "మీరు మంచిగున్నదని ఒక్క మాటంటే చాలన్నా," అని చేతులు జోడించింది. పిల్ల చదువు అనగానే జైపాల్ మెత్తబడ్డాడు. మెత్తబడి సభ పెట్టించాడు. ఫంక్షన్ హాల్లో జరిగిన ఆ ప్రజాభిప్రాయ సేకరణ సభలో, ప్రజలకు అభిప్రాయాలు చెప్పే శ్రమ కలగకుండా, ఆయనొక్కడే మాట్లాడాడు.

"మిత్రులారా, ఈ ఆటల ఒకాయన నడుమ కూసుంటడు. మిగిలినోళ్ళు ఆయన సుట్టు తిరుగుతరు. ఇది మనకు కొత్త గాదు. దీన్ని మనం స్వాగతిస్తున్నం. కని ఆ నడుమున్నాయన ఎవలో ప్రజలకు తెల్వాలె గద. మొకం లేని నాయకత్వం మనకద్దు."

చప్పట్లు మోగాయి. సూర్యుడి స్థానంలో నమస్కారం పెడుతున్న జైపాల్ ఫోటో వెలిసింది. వెలిశాక కొత్త చిక్కు వచ్చింది. గ్రహాలు పోయి ఆయన ముఖానికి తగలడం అనుచరులకు నచ్చలేదు. కాబట్టి పడడం రద్దయింది. ఎగిరిపోవడం పార్టీ మారినట్టు కనబడుతోందన్నారు, అదీ రద్దయింది. గుద్దుకోవడం వర్గపోరు కిందికి వస్తుంది కనుక దాన్నీ తీసేశారు. ఇన్ని వంపుల్లో ఇన్ని నిబంధనలతో తిరగడం చేతకాక గ్రహాలు ఉన్నచోటనే ఆగిపోయాయి. ఆగిపోయిన గ్రహం ఎవరి భూమిలోకీ రాదు కాబట్టి చేవెళ్ళ నుంచి చిల్కూరు దాకా అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఆట పేరు 'సఖ్యత' అయింది. స్టార్లు వానలా కురిశాయి. ఆట తెరవగానే చప్పట్ల మోత వినబడి, 'అభినందనలు, మీరు నూటికి నూరు శాతం మేధావి' అన్న సర్టిఫికెట్ జైపాల్ సంతకంతో వచ్చేస్తుంది.

"అక్కా, ఇగ ఇందుల ఆట లేదే," అన్నాడు సాయిచంద్ ఏడుపుగొంతుతో.

"ఆటెందుకురా? సర్టిఫికెట్ వస్తున్నదా లేదా?" అంది సింధుజ. ఆమె అప్పటికే పిల్లకు జడలు వేస్తోంది. అడ్మిషన్లకు అదే ఆఖరి రోజు.

అరుణశ్రీ మేడం ముందు అఖిల ఫోను అందుకుంది. నాలుక కొస బయటపెట్టింది. ఒక కన్ను మూసింది. వేలు ఇంకా ఆనకముందే చప్పట్లు మోగి సర్టిఫికెట్ వచ్చింది. మేడం దాన్ని రెండుసార్లు చదివి, మేనేజ్‌మెంటు వాళ్ళకు పంపించి, చేయి చాపి పిల్ల బుగ్గ గిల్లింది.

"ఎంత మార్పు వచ్చింది చూడు సింధుజా. నూటికి నూరు."

"అమ్మా, నేనేం ముట్టలే," అంది అఖిల.

"సప్పుడు జెయ్యకు," అని సింధుజ పిల్ల చేయి నొక్కింది.

అఖిల తెరను వేలితో ఒకసారి తోసింది. ఇంకోసారి తోసింది. గ్రహాలు కదలలేదు. "మేడం, ఇవి ఎందుకు తిరుగుతలేవు?"

అరుణశ్రీ మేడం ముఖం ఒక్కక్షణం గంభీరమైంది. "ప్రశ్నలు జర ఎక్కువున్నయ్," అని సింధుజ వైపు తిరిగింది. "ఏం ఫికర్ జెయ్యకు. ఒకటో తరగతిల సర్దుకుంటది."

సింధుజకు పోయిన ప్రాణం లేచివచ్చింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. మేడం మాట వట్టిది ఎందుకవుతుంది? ఒకటో తరగతి దాటివచ్చిన మనమంతా సర్దుకున్నవాళ్ళమే కదా.