కెరవ్నోస్ క్లబ్బుకు దిష్టి తీసిన ఏడాది

ఆ ఉదయం ఆకాశం వానకు కావలసిన ఏర్పాట్లన్నీ చేసుకుని, కురవడం మాత్రం మరిచిపోయి, మా ముందు వరుస ఆటగాళ్ళలాగా కొండ మీద అటూ ఇటూ తిరుగుతోంది. అటువంటి శుభసమయంలో ఏథెన్స్‌కు దూరంగా కొండల్లో ఉన్న ఆస్ప్రోపెట్ర పట్టణపు కెరవ్నోస్ ఫుట్‌బాల్ క్లబ్బు యూరప్ పోటీల్లో అడుగుపెడుతున్నట్టు ప్రకటన వెలువడింది. మా భాషలో కెరవ్నోస్ అంటే పిడుగు. ఎక్కడ పడాలో ముందుగా తెలియకపోవడం అనే ఒక్క విషయంలో మా జట్టు ఆ పేరుకు ఎన్నడూ తలవంపులు తేలేదు.

యూరప్‌కు మేమెలా అర్హులమయ్యామని ఓర్వలేనివాళ్ళు అడుగుతుంటారు. న్యాయంగానే అయ్యాం. కిందటేడు దేశపు కప్పు ఫైనల్లో ఎదుటి జట్టు గెలుస్తూ ఉండగా, వాళ్ళ అభిమానులు ఆనందం పట్టలేక మైదానంలోకి దూకి, గోల్ స్తంభాన్ని జ్ఞాపకార్థం ఊడబీకి ఇంటికి పట్టుకుపోయారు. ఒక పక్క గోలు లేకుండా ఆట సాగదని నియమావళి. కప్పు మాకిచ్చారు. మేం చర్చి గంటలు కొట్టించి, ఆ స్తంభం మోసిన వాళ్ళ ఆరోగ్యం కోసం కొవ్వొత్తులు వెలిగించాం.

మా ప్రెసిడెంటు అర్గీరిస్ బుర్నాజోస్ గారికి చీజ్ ఫ్యాక్టరీ ఉంది, దానికంటే గట్టిదైన నిర్ణయశక్తి ఉంది. ఓడిన ప్రతిసారీ కోచ్‌ను మారుస్తారు. సమయం కలిసివస్తుందని ఒక్కోసారి ఓడకముందే మారుస్తారు. ఒక పోర్చుగల్ కోచ్ విమానం దిగి కారులో మా ఊరికి వస్తూ, దారిలో రేడియోలో తన తొలగింపు వార్త విని, డ్రైవర్‌కు చెప్పి కారు వెనక్కి తిప్పించుకున్నాడు. ఆయన కాలంలో జట్టు ఒక్క ఆట కూడా ఓడలేదు. పాలకవర్గంలో నేనూ ఉన్నాను. నా గొర్రెలు మైదానం మేస్తాయి కనుక గడ్డి కోసే యంత్రంతో పని లేదు, నేను మాట్లాడను కనుక సమావేశాలకు ఆటంకం లేదు.

ఆకులు రాలే రోజుల్లో అనెస్తిస్ కలైత్జిస్ అనే కోచ్ వచ్చాడు. ఊరూరా పనిచేసి ఏ ఊళ్ళోనూ పెట్టె పూర్తిగా విప్పే అవకాశం దొరకని మనిషి. ఆయన భార్య దోమ్నా ఈసారి పాపను మా బడిలో చేర్పించి, కిటికీలకు తెరలు కుట్టి వేలాడదీసింది. అన్ని ఊళ్ళలో దుప్పట్లు అడ్డం కట్టుకుని బతికిన మనిషి తెరలు కుట్టిందంటే ఏమిటో మా ఊరి ఆడవాళ్ళకు చెప్పనక్కరలేకపోయింది.

“ప్రెసిడెంటుగారూ, పాప మళ్ళీ బడి మారనంటోంది,” అన్నాడు అనెస్తిస్, మొదటి సమావేశంలోనే.

“జట్టును మొదటి డివిజన్‌లో నిలబెట్టు, అనెస్తీ! నీ కూతురి పెళ్ళి ఈ ఊరి చర్చిలోనే చేస్తావు. మాటంటే మాట,” అని ప్రెసిడెంటుగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఆ చెయ్యి అక్కడ వెయ్యగా చూడటం పాలకవర్గానికి అలవాటే. అనెస్తిస్‌కు కొత్త.

ఆ ఆదివారమే ఓడిపోయాం. సాయంత్రం లాంబ్రోస్ కాఫీ కొట్లో అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు.

“బస్సు టైమెంతో కనుక్కోమంటారా, ప్రెసిడెంటుగారూ? కోచ్‌గారి కోసం,” అన్నాడు లాంబ్రోస్.

“అక్కర్లేదు. తప్పు కోచ్‌ది కాదు.”

పెదాల దాకా వెళ్ళిన కప్పులు అక్కడే ఆగిపోయాయి. మా క్లబ్బు చరిత్రలో అటువంటి వాక్యం అదివరకు ఎవరూ వినలేదు.

“ఇంతమంది కోచులొచ్చినా ఓడుతున్నామంటే తప్పు కోచుల్లో లేదు. నాలో ఎటూ లేదు. ఇక మిగిలిందేమిటి?” అని ప్రెసిడెంటుగారు అందరి మొహాలూ చూశారు. “దిష్టి! యూరప్‌కు వెళ్ళామని దేశం కళ్ళన్నీ మన మీద పడ్డాయి!”

ఇంత సులువైన సంగతి ఎవరికీ తట్టనందుకు అందరం సిగ్గుపడ్డాం.

మా వైపు దిష్టి తీయాలంటే వాయిత్సా అవ్వే తీయాలి. పళ్ళెంలో నీళ్ళు పోసి, వేలితో నూనె బొట్టు వదులుతుంది. బొట్టు బొట్టులా నిలిస్తే ఏమీ లేనట్టు, కరిగి కలిసిపోతే దిష్టి ఉన్నట్టు. అప్పుడు పెదాలు కదలకుండా మంత్రం చదువుతూ ఆవలిస్తుంది. దిష్టి ఎంత గట్టిదైతే ఆవలింత అంత పెద్దది. మా ప్రెసిడెంటుగారి ముందు అవ్వ నోరు తెరిచేసరికి ఆయన దవడ కూడా తెరుచుకుంది. పక్కనున్న కోశాధికారి ఆవలించాడు, ఆయన్ని చూసి లాంబ్రోస్, లాంబ్రోస్‌ను చూసి గుమ్మంలో పడుకున్న కుక్క ఆవలించింది.

మర్నాడు అధికారిక ప్రకటన వచ్చింది. వాయిత్సా అవ్వను దృష్టిదోష నివారణ విభాగానికి సాంకేతిక సంచాలకురాలిగా నియమించడమైనది. నల్ల గౌను మీద వేసుకోవడానికి క్లబ్బు కోటు, నల్ల తలగుడ్డ మీద పెట్టుకోవడానికి క్లబ్బు టోపీ ఇచ్చారు. బెంచీ మీద కోచ్ పక్కనే కుర్చీ వేశారు.

“ఎంతసేపు కూర్చోవాల్రా, అర్గీరీ?”

“ఆట అయ్యేదాకా, అవ్వా.”

“చర్చిలో కూడా అంతసేపు కూర్చోనురా నేను. దేవుడే ఏమీ అనడు.”

“దేవుడు మొదటి డివిజన్‌లో లేడుగా, అవ్వా.”

డెన్మార్కు జట్టు మా మైదానానికి వచ్చిన రోజు ఊరంతా గోడలెక్కింది. ఆట సగం దాటాక అవ్వ నిదానంగా, కొండగుహ తెరుచుకున్నట్టు ఆవలించింది. బెంచీ మీది ఆటగాళ్ళు వరుసగా ఆవలించారు. గీత దగ్గర నిలబడ్డ లైన్స్‌మన్ జెండా సగం ఎత్తి ఆవలించాడు. ఆ ఆవలింత మైదానం అడ్డంగా దాటి డెన్మార్కు గోల్‌కీపర్‌ను చేరింది. ఆవలించేటప్పుడు కళ్ళు మూతపడటం మనిషికి సహజం. డెన్మార్కులోనూ మనుషులే ఉంటారని మాకు ఆ రోజు రుజువైంది. ఆయన కళ్ళు తెరిచేసరికి బంతి వలలో ఉంది, మా వాళ్ళు ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు, మా చర్చి ఫాదర్ గారు గడ్డం పట్టుకుని గోడ మీంచి దూకుతున్నారు.

నిజానికి ఆ బంతి అక్కడికి వచ్చేలా అనెస్తిస్ వారం పొడుగునా జట్టును మంచులో ఆ ఒక్క పరుగే పరిగెత్తించాడు. నా గొర్రెల్ని డెన్మార్కు వాళ్ళనుకోమని ఆటగాళ్ళకు చెప్పాడు. కానీ అది తెల్లారి జరిగే పని. తెల్లారి మైదానానికి పత్రికలవాళ్ళు రారు. గొర్రెలు రాయవు.

పత్రికలు ఆవలింత గురించే రాశాయి. టీవీలో ఒక మాజీ ఆటగాడు కర్ర పట్టుకుని అవ్వ దవడ కోణం వివరించాడు. ఆతిథ్య జట్టు బెంచీ మీద ఆట పట్ల ఆసక్తి లోపించిందని యూరప్ పరిశీలకుడు ఫిర్యాదు రాశాడు. ఆ నివేదిక ముగించకుండానే తానూ నిద్రపోయాడని తెలిసింది. సంతకం కాగితం చివరిదాకా జారి ఉంది.

తరువాత దేశం మేలుకుంది, అంటే ఆవలించడం మొదలుపెట్టింది. పెద్ద క్లబ్బులన్నీ దిష్టి తీసే అవ్వల కోసం దీవులకు పడవలు పంపాయి. కొన్ని దీవుల్లో మనవళ్ళకు దిష్టి తగిలితే తీసేవాళ్ళు లేక పసివాళ్ళను మైదానాలకు ఎత్తుకురావలసి వచ్చింది. లీగు సంఘం అత్యవసరంగా సమావేశమై, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని ఆవలింత చెల్లదని తీర్మానించింది. గోలుకు ముందు ఆవలించారా, తరువాతా అన్నది టీవీ తెర మీద చూసి తేల్చమని రిఫరీకి అధికారమిచ్చింది. రిఫరీ తెర ముందు నిలబడి, అదే దృశ్యాన్ని వెనక్కీ ముందుకూ తిప్పి చూసి, తానూ ఆవలించేవాడు. అది ఎవరి ఖాతాలో పడాలన్న వ్యాజ్యం ఇంకా నడుస్తోంది.

ఏథెన్స్‌లో రెండు పెద్ద క్లబ్బుల పాత వైరం తెలిసిందే. ఆ ఆటలో ఇద్దరు అవ్వలూ ఎదురెదురుగా కూర్చుని ఒకేసారి ఆవలించారు. ఆటగాళ్ళు గడ్డి మీద కూలబడ్డారు. ప్రేక్షకులు ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చారు. పోలీసులు డాళ్ళు తలకింద పెట్టుకున్నారు. రాయి పడకుండా, కుర్చీ విరగకుండా ఆ పోటీ ముగియడం అదివరకు దేశం ఎరగదు. శాంతికి బాధ్యులెవరో తేల్చడానికి విచారణ సంఘం వేశారు.

చలికాలం గడిచేసరికి మేం యూరప్‌లో ఇంకా మిగిలే ఉన్నాం. ఆస్ట్రియాకు వెళ్ళాలి. అవ్వ విమానం ఎక్కనంది. అందుకని ఆవలింతను రికార్డు చేసి పంపారు. పనిచేయలేదు. అక్కడి కరెంటు వేరని లాంబ్రోస్ తేల్చాడు. మేం యూరప్ నుంచి సగౌరవంగా నిష్క్రమించాం.

ఆ రాత్రే ప్రెసిడెంటుగారు ఎవరో సెర్బియా కోచ్‌తో ఫోనులో మాట్లాడారని పొద్దున్నే ఊళ్ళో పొక్కింది. దోమ్నా ఒక కిటికీ తెర తీసి మడిచింది. మధ్యాహ్నానికి ఆ వార్త అబద్ధమని తెలిసి మళ్ళీ తగిలించింది. ఎదురింటి ఆడవాళ్ళు అంతసేపూ వంట మానుకుని ఆ కిటికీనే చూశారు.

లీగులో మాత్రం చివరి ఆట గెలిస్తేనే మొదటి డివిజన్‌లో ఉంటాం. అనెస్తిస్ ఆ వారం నిద్రపోయినట్టు లేదు. గొర్రెలు కూడా చిక్కిపోయాయి. గెలిచాం. ఆఖరి ఈల మోగగానే అనెస్తిస్ గడ్డి మీద కూర్చుని, బూట్ల లేసులు విప్పుకుని, మళ్ళీ కట్టుకున్నాడు. అంతకుమించి సంబరం ఆయన చేయలేదు.

మరుసటి ఆదివారం మైదానంలోనే ఊరంతటికీ భోజనాలు. పొడవాటి బల్లలు వేశారు. అనెస్తిస్ కొత్త చొక్కా వేసుకున్నాడు, దోమ్నా పాపకు రెండు జడలు వేసింది. ప్రెసిడెంటుగారు వాయిత్సా అవ్వ మెడలో పతకం వేసి, రెండు మాటలు చెప్పమన్నారు.

అవ్వ లేచింది. “నాకు అబద్ధాలు చేతకావురా, అర్గీరీ. మొదటి వారమే నూనె బొట్టు బొట్టులాగే నిలబడింది. అప్పుడే మంత్రం మానేశాను.”

“అయితే ఆ ఆవలింతలు?”

“ఆట చూస్తే వచ్చేవిరా! ఇటు తంతారు, అటు తంతారు. మనిషన్నవాడికి ఆవలింత రాదూ? నీకు దిష్టేమిటి, నిన్ను చూసి ఎవడు కుళ్ళుకుంటాడు? గెలిపించింది ఇదిగో, ఈ అబ్బాయి. పాపం, నేను కునుకు తీస్తుంటే వీడే నా మీద కోటు కప్పేవాడు.”

తలలన్నీ అనెస్తిస్ వైపు తిరిగాయి. దోమ్నా మొహం విప్పారింది. ఏడాదిలో మొదటిసారి అందరికీ ఒకేసారి నిజం తెలిసింది. నిజం తెలిసిన ఊరు ఏం చేస్తుందో చూద్దామని నేనూ కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

ప్రెసిడెంటుగారు గ్లాసు ఎత్తారు.

“మిత్రులారా! ఈ తల్లి సత్యం పలికింది. మన ఆట చూసి ఒక పెద్దావిడ ఏడాదంతా నిద్ర ఆపుకోలేకపోయింది. దేశం ఆవలించింది. యూరప్ ఆవలించింది! ఇంత విసుగు పుట్టించే ఆటను ఈ పిడుగులాంటి జట్టుకు నేర్పిందెవరు? నా గుండె రాయి చేసుకుని అడుగుతున్నాను. ఎవరు?”

ఎవరో అందరికీ తెలుసు.

“అనెస్తీ, నువ్వు మంచివాడివి. క్లబ్బు నిన్ను మరిచిపోదు. రేపటి నుంచి సెర్బియా ఆయన వస్తున్నాడు.”

“ఒరే, నేను చెప్పింది అది కాదురా!” అని అవ్వ అరిచింది.

“మీ సేవలు అమూల్యం, అవ్వా. కూర్చోండి.”

తీర్మానం అక్కడికక్కడే ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఏకగ్రీవమంటే అందరూ అని. చప్పట్లు కూడా బాగానే మోగాయి. అర్థం కాకముందే మొదలుపెట్టినవాళ్ళు అర్థమయ్యాక ఆపడం బాగుండదని కొనసాగించారు.

అప్పుడే కాల్చిన గొర్రెపిల్లలు బల్లల మీదికి వచ్చాయి. నిమ్మరసంలో మగ్గిన బంగాళాదుంపలు, వేడి రొట్టె, సారా వచ్చాయి. అనెస్తిస్‌కు వెళ్ళడానికి బస్సు లేదు కనుక ఆయనా మాతోనే కూర్చున్నాడు. దోమ్నా మాంసాన్ని చిన్న ముక్కలుగా కోసి పాప పళ్ళెంలో వేసింది. ఆయన కోసం ఎవరో ఎముకలేని మంచి ముక్క ఏరి పెట్టారు. మా ఊళ్ళో జాలి పడాల్సినప్పుడు పడతాం.

మీరక్కడ ఉండుంటే తప్పకుండా లేచి, ఇది అన్యాయమని ప్రెసిడెంటుగారి మొహం మీదే చెప్పేవారు. అందులో నాకు అనుమానం లేదు. తినడం అయ్యాక చెప్పేవారు. మాంసం మెత్తగా కాలింది, చల్లారితే బాగుండదు. బల్లల నిండా చేతులు, దవడలు మాత్రమే కదులుతున్నాయి. ఎవరూ ఎవరి వైపూ చూడకుండా, ఒక్క మాట లేకుండా, అందరం కలిసి తిన్నాం.