బొట్టు పెట్టిన రంపం

ఓబుళేసుకు ఆ రోజు పెద్ద ఆశలేమీ లేవు. దసరా మూడు రోజులూ చుట్టాలకు వడ్డించి, సాగనంపి నడుము విరిగింది. పొద్దున్నే గోరంట్లలోని తన రంపం షెడ్డుకు పోయి, శ్రీరంగప్ప గడప చెక్క ఒక్కటి కోసిచ్చి, పన్నెండుకల్లా ఇంటికొచ్చి పడుకోవాలి. అంతే.

ఆ చెక్క శ్రీరంగప్ప తండ్రి నాటిన వేపచెట్టుది. రెండేళ్ళ కరువుకు చెట్టు ఎండిపోతే, మొద్దంతటికీ పగుళ్ళు లేని ముక్క ఇదొక్కటే దక్కింది. మరునాడు ఉదయం ఆరింటికి గడప నిలబెట్టే ముహూర్తం. "ఇది చెడితే ఇంగో ముక్క లేదప్పా" అని చెప్పిన శ్రీరంగప్ప, నమ్మకం చాలక పక్కనే నిలబడ్డాడు.

పనివాడు చెన్నప్ప ఆయిలింజను తిప్పాడు. బల్ల మధ్యలోంచి సగం పైకి లేచిన గుండ్రటి రంపం గిర్రున తిరిగింది. ఆయుధపూజకు ఓబుళేసు భార్య అంజనమ్మ దానికి పెట్టిన బొట్టు ఎండి గట్టిపడింది. ఓబుళేసు చెక్కను తోశాడు. చెక్క తెగలేదు, పొగ వచ్చింది. అంచు నల్లగా మాడింది.

"బెల్టు జారుతాండాదన్నా" అన్నాడు చెన్నప్ప. బెల్టు కోసి, పొట్టి చేసి, మళ్ళీ కుట్టారు. ఇప్పుడది ఎంత బిగుసుకుందంటే ఇంజను రెండుసార్లు మూలిగి ఆగిపోయింది. మూడోసారి తిరిగింది. మళ్ళీ పొగే.

"ఇంగొకతూరి మాడితే అది గడప కాదు, పీట అయితాది" అన్నాడు శ్రీరంగప్ప ఏడుపు గొంతుతో. ఆయనకు దిష్టి అనుమానం వచ్చింది. గుమ్మడికాయ తెచ్చి కొట్టారు. పగిలిన గుమ్మడి ముక్క మీద కాలు జారి చెన్నప్ప కూలబడ్డాడు. రంపం మాత్రం మారలేదు.

ఓబుళేసుకు ఓపిక నశించింది. "బెల్టూ కాదు, దిష్టీ కాదు! పండగ ముందర పదును పెట్టినాడే పీరాసాబు, పళ్ళన్నీ అరగదీసి నాశనం చేసినాడు!" అని అరిచాడు. ఇంజను మోతలో ఎవరికి వినపడుతుందిలే అనుకున్నాడు. ఇంజను అప్పుడే ఆగింది. బజారంతా విన్నది.

కాసేపటికి పళ్ళు అరగదీసే ఆకురాయి చంకన పెట్టుకుని పీరాసాబే వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా గోరంట్లలో రంపాలకు పదును పెట్టే మనిషి. ఆకురాయి తీయలేదు. వంగి ఒక్కసారి చూశాడు.

"పళ్ళు నీ పక్క చూడాల గదా ఓబుళేసూ? ఇవి యాడ చూస్తాండాయి?"

పళ్ళు అవతలి గోడను చూస్తున్నాయి.

"రంపం తిరగేసి బిగించినారు. ఎవురది?"

ఓబుళేసు చెన్నప్ప వైపు ఉరిమి చూశాడు. చెన్నప్ప నడుము రుద్దుకుంటూ అన్నాడు: "నన్నెందుకు చూస్తావన్నా? పూజకు విప్పి కడిగింది నేను. బిగించింది నువ్వే. అంజనమ్మక్క బొట్టు పెట్టిన పక్క లోపలికి పోతాండాదని, నలుగురికీ కనపడాలని తిప్పింది నువ్వే."

అది నిజం. ఓబుళేసుకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. "ఏమనుకోవద్దు పీరాసాబూ" అన్నాడు.

"బజారుకు గూడా ఇంతే గట్టిగా చెప్పు" అన్నాడు పీరాసాబ్.

ఓబుళేసు వీధిలోకి పోయి చెప్పి వచ్చాడు. బెల్టు వదులు చేశారు, నట్టు విప్పి రంపం తిప్పి బిగించారు. బొట్టు లోపలి పక్కకు పోయి, బిగించే రాపిడికి పెచ్చులూడి రాలిపోయింది. శ్రీరంగప్ప అడ్డం నిలబడ్డాడు. "బోడి రంపంతో నా గడప కోస్తావా? ఈ పక్కన్నా బొట్టు పెట్టు." వాదించే ఓపిక లేక ఓబుళేసు పూజ గూట్లోని కుంకుమ నీళ్ళలో కలిపి దండిగా పూశాడు.

"ఆరనీయప్పా" అన్నాడు పీరాసాబ్.

"ఆరేదాకా ఉండేకి నాతో కాదు, నిద్రొస్తాండాది."

పీరాసాబ్ ఆకురాయి తీసుకుని బయటికెళ్ళి నిలబడ్డాడు.

ఇంజను తిరిగింది. వేపచెక్క వెన్నలా తెగింది. మాడిన అంచు పోయినా గడపకు కావలసిన మందం మిగిలింది. శ్రీరంగప్ప తండ్రిని తలచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. చెయ్యి ఎర్రగా అయింది. తడి కుంకుమ రంపం మీదనుంచి ఎగిరి ఆయన ముఖాన, చెన్నప్ప నుదుట, ఓబుళేసు ముక్కు మీద, గడప పొడుగునా పడింది.

"పోనీలే, గడపకు బొట్టు గూడా అయిపాయ" అన్నాడు శ్రీరంగప్ప.

బొట్టు లేకుండా మిగిలింది ఇద్దరే: బయట నిలబడ్డ పీరాసాబూ, లోపల తిరుగుతున్న రంపమూ.