ఎర్రిస్వామి తలలోని తెలివి ఎవరిది?

రాయచెర్లు గ్రామస్థులకు తెలియజేయడమేమనగా, ఎర్రిస్వామి తలలోని తెలివి నిరుటి నుంచి కంపెనీ ఆస్తి. తల మాత్రం ఆయనదే. నూనె రాసుకోవడానికీ, తలపాగా చుట్టుకోవడానికీ కంపెనీకి అభ్యంతరం లేదు.

సోలార్ పార్కులో పలకల మీద దుమ్ము పడుతుంది. కడగడానికి నీళ్లు కావాలి. మా తాలూకాలో నీళ్లకంటే ఎండ సులువుగా దొరుకుతుందనే కదా పార్కు పెట్టింది. గొర్రెలు కాసే ఎర్రిస్వామి రెండేళ్లు తంటాలు పడి, గొర్రె ఉన్ని చుట్టిన రోలరొకటి తయారు చేశాడు. చుక్క నీళ్లు లేకుండా పలకలు తళతళలాడాయి.

నాగలమడిక భూస్వామి కొడుకు రంగనాథ ఎంబీఏ చదివినవాడు. అతను వచ్చి కంపెనీ పెడదామన్నాడు. పెట్టారు. ఎర్రిస్వామి వ్యవస్థాపక అధ్యక్షుడయ్యాడు. పేటెంటు కాగితంలో ఆవిష్కర్తగా ఆయన పేరు, యజమానిగా కంపెనీ పేరు ఎక్కింది. "రెండూ నువ్వే గదన్నా" అన్నాడు రంగనాథ. ఎర్రిస్వామి ముప్పై నాలుగు పేజీల మీదా సంతకం చేశాడు. చదివి వినిపించమనడం ఎదుటివాణ్ణి అవమానించడమని ఆయన అభిప్రాయం.

ఏడాది తిరక్కముందే బెంగళూరులో బోర్డు సమావేశమైంది. రంగనాథ ఇంగ్లీషులో ప్రసంగించాడు: "ఎర్రిస్వామిగారు ఈ కంపెనీకి పునాది. పునాది ఎప్పుడూ నేలలోపలే ఉండాలి. పైకి కనబడితే భవనానికి అందముండదు." అందరూ చప్పట్లు కొట్టారు. ఎర్రిస్వామి కూడా కొట్టాడు. తనను తీసేశారన్న సంగతి, చేతిలో పెట్టిన కాగితం చదివి బస్సు కండక్టరు చెప్పాడు.

మూడోనాడు పాత రోలరు తీసి, తన ఇంటి మిద్దె మీది పలకను తుడిచాడు. పేటెంటు ఉల్లంఘించినట్టు నోటీసు వచ్చింది.

"నేను చేసిందే గదప్పా" అన్నాడు రంగనాథతో ఫోనులో.

"చేసినోడివి నువ్వే అన్నా. ఆ గౌరవం నీకే ఉండాది. వస్తువు మాత్రం మాది."

చదవకుండా సంతకం పెట్టినందుకు ఊరంతా ఆయనకు బుద్ధి చెప్పింది. ఆ పనికి ఊళ్లో ఎవరికీ తీరిక తక్కువ కాలేదు.

ఇంతలో కంపెనీ కొత్త రోలర్లు పలకలను గీకడం మొదలుపెట్టాయి. యంత్రం అదే, కొలతలు అవే. తేడా ఉన్నిలో ఉంది. ఉన్నిని ఎట్లా కడగాలో, ఎంత మెత్తగా ఏకాలో తెలిసిన మనిషి ఎర్రిస్వామి భార్య సుబ్బక్క. ఆమె ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. ఆ పనిలో తెలివి ఉంటుందని ఎవరికీ తోచకపోవడమే కారణం.

రంగనాథ కాగితాలతో వచ్చాడు. "నిన్ను డైరెక్టరును చేస్తాం సుబ్బక్కా. ఈడ సంతకం పెట్టు."

"చదువప్పా, ఇంటాను."

"ఏందక్కా, నామీద నమ్మకం లేదా?"

"ఉండాది. అందుకే నిన్నే చదవమంటాండా."

రంగనాథ చదవసాగాడు. తానూ అదే మొదటిసారి చదవడం. పదకొండో పేజీలో, ఏ డైరెక్టరునైనా కారణం చెప్పకుండా తొలగించవచ్చని ఉంది. ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. కంపెనీలో అతనూ డైరెక్టరే. "మిగతాది గూడా చదువు" అంది సుబ్బక్క. పని ఉందని లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు కంపెనీ ఉన్ని సుబ్బక్క వసారాలోకే వస్తోంది. ఏ సంతకమూ లేకుండా, ఆమె చెప్పిన షరతుల మీద. ఎర్రిస్వామి పక్కన కూర్చుని ఏకుతున్నాడు. తలతో కాక చేతులతో చేస్తున్నాడు గనక నోటీసు రాలేదు. ఆయన ముఖంలో మళ్లీ నవ్వు కనబడుతోంది.

అయితే ఊరి పెద్దలం ఊరుకోలేదు. ఇంటికొచ్చిన పెద్దమనిషి చేత కాగితం చదివించడం ఊరంతటికీ తలవంపులని సుబ్బక్క మీద ఖండన తీర్మానం చేశాం. మాకు శ్రమ లేకుండా రంగనాథే ఇంగ్లీషులో టైపు చేయించి పంపాడు. అందరం వరసగా సంతకాలు పెట్టాం. ఒక ఆడమనిషిని ఖండించడానికి పన్నెండు పేజీలెందుకని మాలో ఎవరమూ అడగలేదు.